టేకు చెక్కకు కార్నూబా మైనం: పాలిష్ ఇంట్లోనే చేసుకుని రుద్దే పద్ధతి

మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలో మన సిరొంచ, అంకీసా, అసరల్లి వైపు పాత ఇళ్లలో టేకు వస్తువు లేని ఇల్లు తక్కువ. దర్వాజో, మంచమో, ఊయల బల్లో, కనీసం దేవుడి పీటో ఉంటుంది. ఆలాపల్లి అడవి పక్కనే ఉంది కదా. అయోధ్య గుడి తలుపుల కోసం 2023లో బల్లార్షా డిపో నుంచి వెళ్లిన టేకు కూడా ఈ చంద్రపూర్, గడ్చిరోలి అడవులదే. అలాంటి చెక్కకు మనం చేసేదల్లా పెళ్లికో పండగకో ఒక డబ్బా వార్నిష్ తెచ్చి బ్రష్షుతో పూసెయ్యడం. నాలుగు ఎండాకాలాలు పోయేసరికి అది పెచ్చులు లేస్తుంది. మళ్లీ గీకుడు, మళ్లీ పూత.

ఇంటి లోపల ఉండే టేకు వస్తువులకు వార్నిష్ కన్నా మైనం పాలిష్ మంచిదని నేనంటాను. పెచ్చులు లేవదు, గీత పడితే ఆ గీత మీదే మళ్లీ రుద్దుకోవచ్చు, చెక్క చెక్కలాగే కనిపిస్తుంది. అయితే ఏ మైనం అన్నదే ప్రశ్న. తేనె మైనం 62–64 డిగ్రీల దగ్గర కరుగుతుంది. మే నెలలో మన దగ్గర నీడలోనే 45 డిగ్రీలు దాటిన రోజులుంటాయి. రేకుల కప్పు కింద, పడమటి ఎండ కొట్టే తలుపు మీద ఇంకా ఎక్కువ. ఒట్టి తేనె మైనం పూస్తే అది కరగకపోయినా మెత్తబడుతుంది. చెయ్యి ఆనిస్తే వేలిముద్ర పడుతుంది, గాలి వీస్తే దుమ్మంతా అతుక్కుంటుంది. కార్నూబా మైనం కరగాలంటే 82 నుంచి 86 డిగ్రీలు కావాలి. ప్రకృతిలో దొరికే మైనాల్లో బాగా గట్టివాటిలో అదొకటి. గోటితో నొక్కితే గుంట పడదు. మన ఎండలకు అదే సరి.

కార్నూబా ఎక్కడిది

బ్రెజిల్ ఈశాన్య రాష్ట్రాలైన సెయరా, పియాయీ, రియో గ్రాండె దో నార్తెలో పెరిగే ఒక తాటి జాతి చెట్టు ఆకు మీద ఈ మైనం తయారవుతుంది. చెట్టు శాస్త్రీయ నామం కోపర్నీసియా ప్రూనిఫెరా. అక్కడా ఎండలు తీవ్రమే. వానలు లేని నెలల్లో ఆకులోని నీరు ఆవిరైపోకుండా చెట్టు తన ఆకులకు తానే పట్టించుకునే పొర ఇది. పొడవాటి గెడకు కొడవలి కట్టి ఆకులు కోస్తారు. వాటిని రోజుల తరబడి ఎండబెట్టి బాదితే ఆ పొర పొడిగా రాలుతుంది. పొడిని కరిగించి, వడగట్టి, గడ్డకట్టాక ముక్కలు కొడతారు. వ్యాపారానికి పనికొచ్చే ఎత్తున ఈ మైనం వచ్చేది బ్రెజిల్ నుంచే. విస్కాన్సిన్‌లో ఫ్లోర్ పాలిష్ కంపెనీ నడిపిన హెచ్.ఎఫ్. జాన్సన్ ఈ చెట్ల కోసమే 1935లో నీటి మీదా నేల మీదా దిగగల విమానం వేసుకుని అమెరికా నుంచి బ్రెజిల్ దాకా వెళ్లాడు. పాలిష్ వ్యాపారంలో దీనికి అంత గిరాకీ.

తునికాకు సీజన్ చూసినవాళ్లకు ఆకు పని ఎంత చాకిరీయో ఒకరు చెప్పక్కర్లేదు. కార్నూబా కోతల్లో కూడా కొన్నిచోట్ల కూలీలను వెట్టివాళ్లలా ఉంచిన సంగతి అక్కడి లేబర్ అధికారుల తనిఖీల్లో బయటపడింది. డబ్బా మీద ఈ సంగతి ఉండదు కాబట్టి చెబుతున్నాను.

మీకు తెలియకుండానే ఈ మైనం మీ ఇంట్లో ఉండొచ్చు. నిగనిగలాడే గుండు చాక్లెట్ల ప్యాకెట్ మీద చిన్న అక్షరాల్లో 903 అన్న అంకె కనిపిస్తే అది కార్నూబానే. మాత్రల పై పూతలో, లిప్‌స్టిక్‌లో, బూట్ పాలిష్‌లో, కార్లకు రుద్దే వ్యాక్స్‌లో కూడా వాడతారు. నీళ్లలో కరగదు, వేడి టర్పెంటైన్‌లో, వేడి నూనెలో కలుస్తుంది. మనం చేయబోయే పాలిష్ అంతా ఈ ఒక్క గుణం మీదే నడుస్తుంది.

కొనేటప్పుడు

మన ఊళ్ల హార్డ్‌వేర్ షాపుల్లో కార్నూబా దొరకడం కష్టం. సబ్బులు, క్రీములు చేసేవాళ్లకు ముడిసరుకు అమ్మేవాళ్ల దగ్గర ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి. టీ-1 అని ఉంటే అది విచ్చుకోని లేత ఆకుల నుంచి తీసింది, లేత పసుపు రంగు. టీ-3, టీ-4 ముదురు ఆకులవి, రంగు కూడా ముదురు. టేకుకు ఏదైనా ఫరవాలేదు. తెల్ల చెక్కకైతే టీ-1 తీసుకోండి.

సరుకు రాగానే రెండు పరీక్షలు చెయ్యండి. ఒక మైనం రేకు (పల్చటి ముక్క) తీసి విరిస్తే టక్కున విరగాలి, వంగకూడదు. తర్వాత గిన్నెలో నీళ్లు మరిగించి దించి, థర్మామీటర్‌లో 70 డిగ్రీలకు వచ్చాక ఒక రేకు వెయ్యండి. కరిగిపోతే అది కొవ్వొత్తుల పారఫిన్ గానీ, పారఫిన్ కలిపిన సరుకు గానీ. కార్నూబా అయితే అలాగే ఉంటుంది. అదే రేకును మరుగుతున్న నీళ్లలో వేస్తే అప్పుడు కరగాలి.

కార్నూబా దొరక్కపోతే తవుడు మైనం చూడండి. తవుడు నూనె శుద్ధి చేసేటప్పుడు విడిగా తీసే మైనం అది, మన దేశంలోనే తయారవుతుంది. 75 డిగ్రీలు దాటితే గానీ కరగదు, కాబట్టి మన ఎండకు నిలుస్తుంది. మెరుపు కార్నూబా అంత రాదు. మెక్సికో నుంచి వచ్చే కాండెలిల్లా అని ఇంకొకటి ఉంది గానీ అది 70 దగ్గరే కరుగుతుంది. దాని కోసం వెతుక్కోనక్కర్లేదు.

రెండు రకాలు, ఎప్పుడు ఏది

మొదటిది టర్పెంటైన్ పాలిష్. కార్నూబా 20 గ్రాములు, తేనె మైనం 20 గ్రాములు, టర్పెంటైన్ 120 గ్రాములు. తేనె మైనం వద్దని ఇప్పుడే చెప్పి మళ్లీ కలపమంటున్నానేంటి అనుకోకండి. ఒట్టి కార్నూబా గడ్డకట్టాక పొడిపొడిగా విరుగుతుంది, గుడ్డతో లాగితే సాగదు. సాగడానికే ఈ తేనె మైనం. సగం కార్నూబా ఉంది కాబట్టి ఎండకు నిలుస్తుంది.

రెండోది అవిసె నూనె పాలిష్. కార్నూబా 20 గ్రాములు, పచ్చి అవిసె నూనె 100 గ్రాములు. పూర్తిగా మొక్కల నుంచి వచ్చిందే కావాలంటే ఇదే. విదర్భలో అవిసె పండుతుంది కాబట్టి నూనె దొరకడం కష్టం కాదు, మరాఠీ షాపుల్లో జవస్ తేల్ అని అడగండి. పెయింట్ షాపులో 'బాయిల్డ్' అని రాసి ఉన్న అవిసె నూనె ఇస్తే అది వేరు. త్వరగా ఆరడానికి అందులో లోహాల లవణాలు కలుపుతారు. తలుపులకు సరే గానీ చంటిపిల్లలు నోట్లో పెట్టుకునే ఉయ్యాల కమ్మీలకు వద్దు.

చలికాలంలో నేను టర్పెంటైన్ రకాన్నే చెబుతాను. అరగంటలో ఆరుతుంది, మెరుపు బాగుంటుంది. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం దాని జోలికి పోవద్దు. టర్పెంటైన్ ఆవిరి 35 డిగ్రీల దగ్గరే నిప్పురవ్వకు అంటుకునే స్థితికి వస్తుంది. మన ఎండాకాలంలో పొయ్యి మీద పెట్టకుండానే, సీసా మూత తీసిన గదిలోనే ఆ వేడి ఉంటుంది. ఆ నెలల్లో పని తప్పనిసరైతే అవిసె నూనె వాడండి. అదీ కాక అవిసె నూనె చలికి నెమ్మదిగా, ఎండకు తొందరగా ఆరుతుంది. వానాకాలంలో రెండూ వద్దు. చెక్కలో తేమ ఉండగా మైనం రుద్దితే తెల్లగా మసక పడుతుంది.

కరిగించడం

వంటకు మళ్లీ వాడని స్టీలు గిన్నె ఒకటి తీసుకోండి. మైనం పట్టిన గిన్నె కడగడం మహా తలనొప్పి, ఆ వేడి నీళ్లు సింకులో పోస్తే పైపు పూడుకుపోతుంది. పెద్ద గిన్నెలో నీళ్లు పోసి, అడుగున మడిచిన గుడ్డ వేసి, దాని మీద ఈ గిన్నె ఆనించండి. నేరుగా మంట మీద పెట్టకండి, రంగు మారుతుంది, పొగ వస్తుంది.

ముందు కార్నూబా ఒక్కటే వెయ్యండి. రేకులు చిన్న ముక్కలై ఉంటే నయం. నీళ్లు బాగా మరుగుతుంటే గానీ లోపలి గిన్నె 86 డిగ్రీలకు చేరదు. మూత పెట్టండి. పావుగంట దాటినా కంగారుపడకండి, అంచుల్లో మొదలై నెమ్మదిగా తేనె రంగు ద్రవం అవుతుంది. ఒక్క పలుకు కూడా మిగలకూడదు. అప్పుడు తేనె మైనం వేస్తే క్షణాల్లో కలిసిపోతుంది.

ఇక్కడి నుంచి జాగ్రత్త. స్టవ్ ఆపండి. సిలిండర్ కూడా కట్టెయ్యండి. పెద్ద గిన్నెను వేడి నీళ్లతో సహా ఎత్తి, మంట గానీ దీపం గానీ బీడీ గానీ లేని వాకిట్లోకి తీసుకెళ్లండి. టర్పెంటైన్‌ను ముందే ఆ వాకిట్లోనే ఒక గాజు సీసాలో కొలిచి, మూత తీసి, వేరే గిన్నెలో గోరువెచ్చటి నీళ్లలో నిలబెట్టి ఉంచాలి. చల్లటిది ఒక్కసారిగా పోస్తే కార్నూబా రవ్వలా గడ్డకడుతుంది. సన్నటి ధారగా పోస్తూ కర్రపుల్లతో కలపండి. మధ్యలో రవ్వ కట్టినట్టు అనిపిస్తే ఆ వేడి నీళ్లలోనే కాసేపు ఉంచండి, లేదా వేడి నీళ్లు మార్చండి. గిన్నెను మళ్లీ పొయ్యి మీదికి మాత్రం తీసుకెళ్లొద్దు. ఈ వంటకంలో ప్రమాదమంతా ఆ ఒక్క చోటే ఉంది.

పెయింట్ షాపులో టర్పెంటైన్ అంటే చాలాసార్లు పెట్రోలియం నుంచి తీసిన మినరల్ టర్పెంటైన్ ఇస్తారు. అది కూడా పనిచేస్తుంది. పైన్ జాతి చెట్ల బంక నుంచి తీసేది వాసన ఎక్కువ. రెండింటికీ జాగ్రత్త ఒకటే.

అవిసె నూనె రకానికి ఈ తిప్పలు లేవు. కార్నూబా, నూనె రెండూ కలిపి నీళ్ల గిన్నెలోనే కరిగించి, కలిసిపోయాక దించెయ్యడమే.

గట్టితనం చూడ్డానికి ఒక చెంచాను ముందే చల్లటి నీళ్లలో ఉంచి, తుడిచి, దాని మీద ఒక చుక్క వేసి చూడండి. గడ్డకట్టాక వేలితో లాగితే వెన్నలా సాగాలి. పొడిగా విరిగితే కాస్త టర్పెంటైన్ (లేదా నూనె), జారుతూ ఉంటే ఇంకొక రెండు గ్రాముల కార్నూబా. కార్నూబా మళ్లీ కలపాలంటే దాన్ని వేరే గిన్నెలో కరిగించి తెచ్చి కలపాలి. టర్పెంటైన్ ఉన్న గిన్నె పొయ్యి ఎక్కకూడదని చెప్పాను కదా.

కలిపాక గిన్నెను చల్లటి నీళ్ల పళ్లెంలో పెట్టి, గడ్డకట్టేదాకా కలుపుతూనే ఉండండి. తొందరగా చల్లారితే పలుకు సన్నగా వస్తుంది. వెడల్పు మూతి గాజు సీసాలోకో రేకు డబ్బాలోకో ఎత్తి బిగుతుగా మూత పెట్టండి. ప్లాస్టిక్ డబ్బాలు వద్దు, టర్పెంటైన్ కొన్నిటిని మెత్తబరుస్తుంది. ఈ కొలతకు ఒక తలుపు, ఒక మంచం రెండు పూతలు పోను ఇంకా మిగులుతుంది.

చెక్కను సిద్ధం చేయడం

ఇక్కడ ఓపిక పట్టకపోతే పైన చేసిందంతా దండగ. ముందు మీ వస్తువు మీద ఇప్పుడు ఏముందో తెలుసుకోండి. కనపడని మూల ఒకటి చూసి, స్పిరిట్‌లో ముంచిన దూదితో రుద్దండి. జిగటగా అయితే అది లక్కతో చేసిన పాత ఫ్రెంచ్ పాలిష్. స్పిరిట్‌కు కదలక థిన్నర్‌కు జిగటైతే లాకర్ (lacquer) అనే పూత. దేనికీ కదలకపోతే మెలమైనో పీయూ (పాలీయూరిథేన్) పూతో ఎనామిల్ పెయింటో. పూత గట్టిగా, బాగానే ఉంటే తీసెయ్యక్కర్లేదు. సన్నటి పాలిష్ పేపర్‌తో (గరుకు కాగితం) మెల్లగా రుద్ది దాని మీదే మైనం పట్టించవచ్చు. చెక్కలోకి ఇంకదు, పైన మెరుపు మాత్రం ఇస్తుంది. పెచ్చులు లేచిన పూతైతే మొత్తం గీకెయ్యాలి, వేరే దారి లేదు.

గీకాక పాలిష్ పేపర్. 120 నంబరుతో మొదలుపెట్టి, 180, చివర 220. చెక్క నార ఎటు పోతే అటే రుద్దాలి. అడ్డంగా రుద్దిన గీతలు అప్పుడు కనపడవు, మైనం పట్టి మెరిశాక మాత్రం ప్రతి గీతా బయటపడుతుంది. ముక్కుకు గుడ్డ కట్టుకోండి. టేకు పొడి కొందరికి దురద, తుమ్ములు తెప్పిస్తుంది.

టేకులో సహజంగా నూనె ఉంటుంది. చెదలు అంత తేలిగ్గా పట్టకపోవడానికి అందులోని పదార్థాలే కారణం. అయితే కొత్తగా రుద్దిన చెక్క మీదికి ఆ నూనె వచ్చి కూర్చుంటుంది. అందుకే దుమ్ము దులిపాక స్పిరిట్ గుడ్డతో ఒకసారి తుడిచి, ఆరగానే అదే రోజు మైనం రుద్దండి. రెండు రోజులు ఆగితే మళ్లీ తుడవాలి.

రుద్దడం

పాత బనియన్ గుడ్డ మడత పెట్టి, శనగగింజంత పాలిష్ తీసుకోండి. శనగగింజంత అంటే శనగగింజంతే. మైనం పాలిష్‌లో కనపడే తప్పుల్లో సగం పైగా ఎక్కువ పూయడం వల్ల వచ్చేవే. మందంగా పూసిన కార్నూబా పైన రాయిలా గట్టిపడి, లోపల మెత్తగా ఉండి, దుమ్ము పట్టి నల్లబడుతుంది. ఒక్క జానెడు చోటు తీసుకుని గుండ్రంగా రుద్ది, ఆఖరున నార వెంబడి లాగండి. కంటికి దాదాపు ఏమీ కనపడనంత పల్చగా ఉండాలి. తర్వాత పక్క జానెడు. నగిషీలు, మంచం కోళ్ల మీద కడియాలు ఉంటే గుడ్డ దిగదు, పాత టూత్ బ్రష్ వాడండి.

టర్పెంటైన్ రకమైతే పావుగంట నుంచి అరగంట ఆగండి. అద్దం మీద ఊపిరి వదిలినట్టు మసకగా కనిపిస్తే టర్పెంటైన్ ఎగిరిపోయినట్టే. ఇప్పుడు ఉన్ని గుడ్డతోనో గరుకు నూలు తువ్వాలుతోనో రుద్దండి. చెక్క చేతికి వెచ్చగా తగిలేదాకా రుద్దాలి. కార్నూబా గట్టిది కాబట్టి ఈ రాపిడి వేడికే దాని పొర సర్దుకుని మెరుపు వస్తుంది. చలికాలం పొద్దున చెయ్యి నొప్పి పుడుతోందంటే హెయిర్ డ్రయ్యర్‌తో కాస్త వేడి చేసి రుద్దండి. అయితే అది టర్పెంటైన్ పూర్తిగా ఎగిరిపోయాక, తలుపులు తీసి ఉంచాకే.

రెండో పూత మర్నాడు. మూడోది నా దృష్టిలో అనవసరం, ఊయల బల్లలాంటి రోజూ ఒరిపిడి పడే వాటికి తప్ప.

అవిసె నూనె రకం రుద్దే తీరు అదే. అరగంట తర్వాత పైన మిగిలిన నూనెనంతా పొడి గుడ్డతో ఊడ్చినట్టు తుడిచెయ్యాలి. లేకపోతే జిగురుగా ఉండిపోతుంది. ఆరడానికి ఎండాకాలంలోనే కొన్ని రోజులు, చలికాలంలో వారాలు పడుతుంది. ఆ తర్వాతే మెరుపు రుద్దుడు.

ఈ గుడ్డల గురించి తప్పక చెప్పాలి. అవిసె నూనె గాలిలోని ఆక్సిజన్‌తో కలుస్తూ ఆరుతుంది, ఆ క్రమంలో వేడి పుడుతుంది. నూనె గుడ్డలు ఉండచుట్టి మూల పడేస్తే ఆ వేడి బయటకు పోలేక, అగ్గిపుల్ల గీయకుండానే వాటంతట అవే అంటుకోగలవు. ఇది నిజంగా జరిగేదే, అదీ మన ఎండల్లో ఇంకా తొందరగా. వాడిన ప్రతి గుడ్డను విప్పి, దండెం మీద ఒక్క పొరగా ఆరేసి, గట్టిపడ్డాకే పారెయ్యండి. లేదా నీళ్ల బకెట్‌లో ముంచి ఉంచండి.

తేడా వస్తే

చారలు పడ్డాయంటే ఆరబెట్టి ఎక్కువ సేపు వదిలేశారన్నమాట. రాత్రంతా వదిలేసిన కార్నూబా ఎంత రుద్దినా కదలదు. అదే పాలిష్ ఇంకాస్త తీసి ఆ చార మీద రుద్దితే కొత్త టర్పెంటైన్ పాత పొరను మెత్తబరుస్తుంది, వెంటనే తుడిచి మెరుగు పెట్టండి. జిగటగా ఉంటే ఎక్కువ పూశారు. టర్పెంటైన్ తడి గుడ్డతో తుడిచి మళ్లీ పల్చగా. తెల్ల మసక వస్తే చెక్కలో తేమ ఉంది. నాలుగు రోజులు గాలికి ఆరనిచ్చి అప్పుడు రుద్దండి.

వేడి అన్నం గిన్నె పెట్టే టేబుల్‌కు ఈ పాలిష్ వద్దు. దించిన గిన్నె అడుగు 86 డిగ్రీల పైనే ఉంటుంది, గుండ్రంగా మచ్చ పడుతుంది. వాన కొట్టే బయటి గేటుకూ వద్దు. మైనం నీటి చుక్కను జార్చేస్తుంది గానీ తేమను పూర్తిగా ఆపలేదు. గడపకు కూడా దండగే. శుక్రవారం శుక్రవారం కడిగి పసుపు రాసే గడప మీద పసుపు పట్టదు, ఇంట్లోవాళ్లు మిమ్మల్నే అంటారు.

చపాతీ పీటకు

తిండి తగిలే చెక్కకు టర్పెంటైన్ అస్సలు వద్దు. ఫుడ్ గ్రేడ్ అని రాసి ఉన్న కార్నూబా 15 గ్రాములు, కొబ్బరి నూనె 100 గ్రాములు నీళ్ల గిన్నెలో కరిగించి చల్లార్చుకోండి. పల్లీ నూనె, పొద్దుతిరుగుడు నూనె పోస్తే కొన్నాళ్లకు జిగురు పట్టి కంపు కొడుతుంది. కొబ్బరి నూనె అంత తొందరగా పాడవదు. పీటకు, కర్రకు రాత్రి పట్టించి పొద్దున పొడి గుడ్డతో తుడిస్తే చాలు. పప్పు గుత్తికి, గరిటెకు రాయడంలో అర్థం లేదు, మరిగే పప్పులో పెట్టగానే కరిగి పప్పులో కలుస్తుంది. హాని లేదు గానీ మైనం దండగ.

తర్వాత

రోజూ పొడి గుడ్డతో తుడిస్తే సరిపోతుంది. మరక పడితే తడి గుడ్డ. కొందరికి కుర్చీలు, బీరువాలు కిరోసిన్ గుడ్డతో తుడిచే అలవాటు. అది మైనాన్ని కరిగించి తీసుకుపోతుంది, ఆ అలవాటు మానాలి. తలుపుకు ఏడాదికోసారి, కుర్చీ చేతులకు ఆరు నెలలకోసారి ఒక్క పల్చటి పూత వేసుకోండి. పాతది తీసే పని లేదు, దాని మీదే రుద్దడమే. డబ్బా అడుగున మిగిలిన పాలిష్ తోలు చెప్పులకు, బూట్లకు బాగుంటుంది. క్యారమ్ బోర్డుకు మాత్రం పిల్లలు అడిగినా రాయకండి, పౌడరంతా అంటుకుని కాయిన్లు కదలవు.

ఎప్పుడైనా ఆ వస్తువుకు పెయింట్ గానీ పీయూ గానీ వేయించాలనుకుంటే, పనికి వచ్చిన మేస్త్రీకి మైనం పట్టించి ఉందని ముందే చెప్పండి. మైనం మీద ఏ పూతా పట్టదు, వారంలో ఊడొస్తుంది. టర్పెంటైన్ గుడ్డతో నాలుగైదుసార్లు, ప్రతిసారీ కొత్త గుడ్డతో తుడిచి, నీటి చుక్క వేసి చూడమనండి. చుక్క ముత్యంలా నిలబడితే మైనం ఇంకా ఉన్నట్టే, మళ్లీ తుడవాలి. పరుచుకుని ఇంకితే పెయింట్ మొదలుపెట్టవచ్చు.